కంప్యూటరుకు పని చెప్పే ముందు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము మూడో తరం వాళ్ళం. మా తాత, అవ్వ చెరకు తోటల్లో కూలిపనికి ఓడెక్కి నేటాలుకు వెళ్ళారు. మా నాన్న అక్కడే పుట్టారు. మేమూ అక్కడే పుట్టి, డర్బన్ నగరంలో ముప్ఫైయైదేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఉద్యోగం విరమించాక కూతురి వెంట ఈ ఐర్లండుకు వచ్చాము. మా తెలుగు సగం ఇంట్లో విన్నది, సగం సాయంకాలపు తరగతుల్లో దిద్దుకున్నది. అందులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలని మనవి.

ఈనాడు మాకు ఇచ్చిన విషయం, సాఫ్టువేరు తయారుచేసే ముందు దాన్ని వాడేవారి అవసరాలు తెలుసుకొని పరిశీలించుట. ఈ హాలులో సగంమంది యువకులు ఆ వృత్తిలోనే వున్నారు. వారి ముందు ఒక బడిపంతులమ్మ ఈ సంగతి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. కాని ఏ ప్రోగ్రాముకైనా రెండు పక్షాలుంటాయి. తయారుచేసేవారు ఒక పక్షం, చేయించుకొనేవారు మరొక పక్షం. మేము రెండో పక్షం తరఫున మాట్లాడుతున్నాము. పైగా మన సంఘం తెలుగు తరగతి కోసం మళ్ళీ ఒక ప్రోగ్రాము చేయించాలని తలపెట్టింది. మొదటిది ఎందుకు మూలపడిందో నలుగురిలో ఒప్పుకోకుండా రెండోది మొదలుపెట్టడం మంచిది కాదు. ఆ తప్పులో మాకూ భాగం వున్నది.

అడగనిదే అమ్మైనా పెట్టదని మన సామెత. అంటే తినేవాడు నోరు తెరచి అడగాలి. ఈ వృత్తిలో సంగతి తిరగబడుతుంది. ఇక్కడ వడ్డించేవాడే అడగాలి. ఎందుకంటే తినేవాడికి తనకేమి కావాలో పూర్తిగా తెలియదు. తెలిసినా చెప్పడం రాదు. చెప్పినా, చెప్పినదీ కావలసినదీ ఒకటి కావు. దర్జీకి టేపు వున్నది, ఒంటిని కొలుస్తాడు. సాఫ్టువేరు చేసేవాడు కొలవవలసినది మనిషి ఒంటిని కాదు, ఆ మనిషి రోజూ చేసే పనిని, అలవాటును, ఎక్కడా వ్రాసి పెట్టని నియమాలను. వాటికి టేపు లేదు. మాటలే వున్నాయి.

ఈ విద్యలో పెద్దలైనవారు ఈ సంగతి చాలాకాలం క్రిందటే గుర్తించారు. బారీ బోమ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1981లో ప్రకటించిన గ్రంథంలో, అవసరాలు వ్రాసుకొనేటప్పుడు జరిగిన పొరపాటును అప్పుడే దిద్దితే అయ్యే ఖర్చు ఒకటనుకుంటే, పెద్ద ప్రోగ్రాము వాడుకలోకి వచ్చాక దిద్దడానికి వందరెట్లు దాకా కావచ్చునని లెక్కకట్టి చూపారు. ఐ.బి.ఎం. కంపెనీలో ఓ.ఎస్. 360 అనే మహా నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో ఒక వ్యాసంలో, ప్రోగ్రాము వ్రాయడం కన్నా ఏది వ్రాయాలో తేల్చుకోవడమే కష్టమన్న భావం చెప్పారు. 2000 సంవత్సరంలో ఈ దేశంలోని లిమరిక్ నగరంలో సాఫ్టువేరు ఇంజనీరింగు అంతర్జాతీయ మహాసభ జరిగింది. అక్కడ బషర్ నుసేబే, స్టీవ్ ఈస్టర్‌బ్రూక్ అనే ఇద్దరు పండితులు అవసరాలు తెలుసుకొనే విద్య మీదనే ఒక పెద్ద వ్యాసం సమర్పించారు. అంటే దీన్ని ఒక శాస్త్రంగా చదివేవారు, బోధించేవారు వున్నారు. మేము ఆ శాస్త్రం చదివినవాళ్ళం కాము. మేము చూసినది, అనుభవించినది చెబుతాము.

మన చిన్న తప్పు చెప్పేముందు, ఈ దేశంలో జరిగిన రెండు పెద్ద ఉదాహరణలు మనవి చేస్తాము.

మొదటిది ఆరోగ్యశాఖ సంగతి. 1990 దశకం చివర ఇక్కడి హెల్త్‌బోర్డులు కలసి, ఉద్యోగుల వివరాలకూ జీతాలకూ దేశమంతటికీ ఒకే కంప్యూటరు పద్ధతి కావాలని నిశ్చయించాయి. దాని పేరు పీపార్స్. మొదటి అంచనా యూరోల లెక్కలో సుమారు 90 లక్షలు. 2005 ఆగస్టు నాటికి అయిన ఖర్చు 13 కోట్ల 10 లక్షల యూరోలు. అప్పటికి అది కొన్ని ప్రాంతాల్లో మాత్రమే నడుస్తున్నది. 2005 అక్టోబరులో మిగతా ప్రాంతాలకు విస్తరించడం ఆపివేశారు. ఆ డిసెంబరులో దేశపు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ దాని మీద ఒక నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలోని ముఖ్యమైన మాట మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. జీతాల నియమాలు, ఉద్యోగ షరతులు, కార్యాలయాల నిర్మాణం, పని అలవాట్లు ఒక్కొక్క సంస్థలో ఒక్కొక్క తీరుగా వున్నాయి. ఒకే సంస్థలో కూడా ఒక చోటికీ ఇంకొక చోటికీ తేడా వున్నది. ఆ తేడాల లోతు ఎంతో ముందుగా గ్రహించలేదు. అందరికీ ఒకే చొక్కా కుట్టబోయారు, ఒళ్ళు కొలవలేదు.

ఇది ఎలా జరుగుతుందో ఆలోచించండి. రాత్రి డ్యూటీ భత్యం అనే మాట ఒకటి వున్నదనుకుందాం. రెండు ఊళ్ళ ఆసుపత్రుల్లోనూ ఆ మాటే వాడుతారు. ఒక ఊళ్ళో రాత్రి అంటే ఎనిమిది గంటల నుంచి, ఇంకొక ఊళ్ళో పది గంటల నుంచి. ఎవరో ఎప్పుడో కుదుర్చుకున్న ఒప్పందం. అది జీతాల గుమాస్తా బుర్రలో వున్నది, కాగితం మీద లేదు. గుమాస్తాను “మీరు రాత్రి భత్యం ఇస్తారా?” అని అడిగితే “ఇస్తాము” అంటారు. అబద్ధం కాదు. పది గంటల సంగతి ఆయన చెప్పలేదంటే దాచారని కాదు, లోకమంతా అలాగే అనుకుంటుందని ఆయన నమ్మకం. మనిషి గుమాస్తా అయితే తేడా వచ్చినప్పుడు సర్దుకుంటాడు. కంప్యూటరు సర్దుకోదు. దానికి ప్రతి ఒక్క నియమమూ విడమరచి చెప్పాలి. ఒకే మాటకు రెండు అర్థాలుంటే, ఆ రెండూ దొరికేదాకా వెతకడమే పరిశీలన అంటే.

రెండవది ఎన్నికల యంత్రాల సంగతి. ఈ దేశంలో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ఇష్టక్రమం వ్రాస్తాడు. లెక్కింపు పెద్ద పని. కొన్నిచోట్ల రోజులు పడుతుంది. కంప్యూటరుతో త్వరగా, తప్పు లేకుండా తేల్చవచ్చునని ప్రభుత్వం తలచింది. 2002 మే నెల సాధారణ ఎన్నికల్లో డబ్లిన్ నార్త్, డబ్లిన్ వెస్ట్, మీత్ నియోజకవర్గాలలో యంత్రాలు పెట్టి చూశారు. 2004 జూన్ ఎన్నికలకు దేశమంతటా వాడాలని సుమారు 7,500 యంత్రాలు కొన్నారు. మొత్తం మీద 5 కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది. 2004లో ఇందుకోసమే వేసిన కమిషను, ఓటు రహస్యం విషయంలోనూ లెక్క ఖచ్చితత్వం విషయంలోనూ తనకు తృప్తి కలగలేదని చెప్పింది. యంత్రాలు గోదాములకు వెళ్ళాయి. 2009లో ఆ పథకాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించారు. 2012లో సుమారు 70 వేల యూరోలకు పాత ఇనుము క్రింద అమ్మివేశారు.

ఇక్కడ అడిగిన అవసరమేమిటి? వేగం. అడగని అవసరమేమిటి? అది తెలియాలంటే ఇక్కడి పాత లెక్కింపు ఎలా జరుగుతుందో చూడాలి. పెట్టెలు తెరచి కాగితాలు విప్పుతుంటే, అడ్డు కంచె ఇవతల పార్టీల మనుషులు నిలబడి, కనిపించిన ప్రతి ఓటునూ తమ కాగితాల మీద గీతలు పెట్టుకొంటారు. వారిని టాలీమెన్ అంటారు. అధికార ఫలితం రాకముందే గాలి ఎటు వీస్తున్నదో వారికి తెలిసిపోతుంది. ఓడిపోబోయేవారు గంటల తరబడి ఆ ఓటమికి అలవాటు పడతారు. 2002లో డబ్లిన్ నార్త్‌లో మాజీ న్యాయశాఖ మంత్రి నోరా ఓవెన్ వేదిక మీద నిలబడి, హఠాత్తుగా ఫలితం చదివితే విని, అందరి ఎదుట తమ ఓటమి తెలుసుకున్నారు. ఆ దృశ్యం ఈ దేశంలో చాలామంది మరచిపోలేదు. ఓటరు చూసి సరిచూసుకోవడానికి కాగితం లేదన్నది యంత్రాల మీద వచ్చిన పెద్ద ఆక్షేపణ.

ఎన్నికల అసలు అవసరం గెలిచినవాడి పేరు త్వరగా చెప్పడం కాదు. ఓడినవాడు కూడా ఇది న్యాయమేనని ఒప్పుకొని ఇంటికి పోవడం. ఆ అవసరం ఏ పట్టికలోనూ ఎక్కలేదు. ఎవరినైనా ఓటరును “మీకేమి కావాలి?” అని అడిగివుంటే ఆయనా త్వరగా ఫలితం కావాలనే అనివుండేవాడేమో. కళ్ళెదుట లెక్క జరగాలన్న కోరిక గాలి వంటిది. వున్నంతసేపు ఎవరూ దాని పేరెత్తరు.

ఇక మన తరగతి సంగతికి వస్తాము.

రెండేళ్ళ క్రిందట తెలుగు తరగతికి ఒక ప్రోగ్రాము చేద్దామని మన యువకులు ముందుకు వచ్చారు. పగలు ఉద్యోగాలు చేసుకొంటూ, రాత్రుళ్ళు మేలుకొని, పైసా తీసుకోకుండా నాలుగు నెలలు శ్రమపడ్డారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాము. మొదలుపెట్టేముందు వారు పద్ధతి ప్రకారం మా ఉపాధ్యాయ సంఘాన్ని కూర్చోబెట్టి “మీకేమేమి కావాలి?” అని అడిగారు. మేము గంటసేపట్లో అన్నీ చెప్పేశాము. అక్షరమాల, గుణింతాలు, పదాలు, నెలకొక పరీక్ష, మార్కులు, చివర సర్టిఫికెట్టు. వారు వ్రాసుకొన్నారు. మేము టీ తాగి ఇళ్ళకు వెళ్ళాము. అడిగినవన్నీ వారు తు.చ. తప్పకుండా చేసి ఇచ్చారు.

మా మనుమరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక శనివారం మా పక్కన కూర్చుని ఆ ప్రోగ్రాము తెరచింది. తెర మీద నెరసిన జుట్టుతో ఒక పెద్దావిడ బొమ్మ వచ్చింది. ఈమె ఎవరు అని ప్రశ్న. పిల్ల కష్టపడి అక్షరాలు వెతుక్కొని “అవ్వ” అని కొట్టింది. ఎర్రని గుర్తు వచ్చి తప్పన్నది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు. మూడోసారి ప్రోగ్రామే జవాబు చూపించింది, “అమ్మమ్మ”. పిల్ల మా వైపు తిరిగి “అవ్వా, నువ్వు తప్పంట” అన్నది. మేము నవ్వేశాము. కాని ఆ రాత్రి పడుకోబోయేముందు ఆమె మమ్మల్ని మొదటిసారి అమ్మమ్మా అని పిలిచింది. మరునాడూ అలాగే పిలిచింది.

అమ్మమ్మ మంచి మాట. అందులో తప్పేమీ లేదు. కాని నేటాలులో మా ఇళ్ళలో మూడు తరాలుగా నిలిచిన మాట అవ్వ. బడులు లేకపోయినా, పుస్తకాలు లేకపోయినా, చెరకు తోట దాటి, భాష సగానికి సగం జారిపోయినా చేతిలో మిగిలిన మాటల్లో అది ఒకటి. దాన్ని ఒక యంత్రం ఒక మధ్యాహ్నంలో తప్పు చేసింది. ఆ యంత్రాన్ని తెప్పించినది మేమే. పదాల పట్టికను ఒక పుస్తకంలోంచి తీసుకోమని చెప్పినదీ మేమే.

నెల తిరిగేసరికి ముగ్గురు నలుగురు పిల్లలు తప్ప దాన్ని ఎవరూ తెరవలేదు. పిల్లలకు శ్రద్ధ లేదని మేము సమావేశంలో విచారం వెలిబుచ్చాము. పిల్లలను మాత్రం అడగలేదు.

కిందటి చలికాలంలో మాలో కొందరం ఈసారి సరిగా అడుగుదామని ఇల్లిల్లూ తిరిగాము. లూకన్, బ్లాంచర్డ్స్‌టౌన్, సోర్డ్స్, ఒకసారి కార్క్ దాకా వెళ్ళాము. ఆ తిరుగుడులో మేము నేర్చుకొన్నవి నాలుగు మాటలుగా చెబుతాము. కొత్త ప్రోగ్రాము చేసేవారికి అవి పనికివస్తాయని ఆశ.

మొదటిది, ఎవరిని అడగాలి? డబ్బు ఇచ్చేవారు ఒకరు, నిర్ణయించేవారు ఒకరు, రోజూ వాడేవారు మరొకరు. వాడకపోయినా దాని ఫలితం అనుభవించేవారు ఇంకొకరు. మా మొదటి సమావేశంలో నిర్ణయించేవారమే వున్నాము. వాడే పిల్లలు లేరు. పిల్లలతో మాట్లాడవలసిన అవ్వలూ తాతలూ లేరు. సర్టిఫికెట్టు కావాలని ఈ తిరుగుడులో ఒక్క పిల్ల కూడా అనలేదు. అది కావలసింది మాకే, గోడకు తగిలించి చూసుకోవడానికి.

రెండవది, ఎలా అడగాలి? బడిలో చేరిన కొత్తలో మేము పాఠం చెప్పి “అర్థమైందా?” అని అడిగేవాళ్ళం. తరగతంతా “అయింది” అనేది. కొన్నేళ్ళకు బుద్ధి వచ్చి, “నల్లబల్ల దగ్గరకు వచ్చి చేసి చూపించు” అనడం నేర్చుకొన్నాము. ఇక్కడా అంతే. “మీకేమి కావాలి?” అంటే మర్యాదగా ఏదో ఒకటి చెబుతారు. “నిన్న ఏమి చేశారు, ఎక్కడ ఆగిపోయారు, చూపించండి” అనాలి. ఒక ఇంట్లో అలాగే అడిగాము. ప్రతి ఆదివారం డర్బన్‌లోని తాతతో టెలిఫోనులో మాట్లాడతామన్నారు. ఆ సమయానికి మేము అక్కడ కూర్చున్నాము. పిల్లవాడు “తాతా, బాగున్నావా?” అన్నాడు. తాత బాగున్నానని చెప్పి, ఏదో అడిగారు. పిల్లవాడు ఫోను తల్లి చేతికి ఇచ్చి లేచిపోయాడు. ఆ పిల్లవాడికి కావలసినది గుణింతం కాదు, రెండో వాక్యం. ఎన్ని ప్రశ్నాపత్రాలు పంచినా ఈ సంగతి మాకు తెలిసేది కాదు.

మూడవది, విన్నదాన్ని ఎలా పరిశీలించాలి? కోరిక వెనుక కారణం అడగాలి, ఒక మాటకున్న అర్థాలు విడదీయాలి, ఎదురెదురుగా వున్న కోరికలను దాచకుండా పక్కపక్కన పెట్టాలి. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు లిపి, పాఠ్యపుస్తకపు భాష ముఖ్యమన్నాయి. సెలవులకు ఊరికి వెళ్తే పిల్లలు బోర్డులు చదవాలి, తాతయ్య పంపిన పుస్తకం చదవాలి. వారి మాట న్యాయమే. మావంటి పాత వలస కుటుంబాలు, ముందు ఇంటి మాట నిలవాలి అన్నాయి. మా మాటా న్యాయమే. అవ్వ అన్న మాటనే తీసుకోండి. రాయలసీమలో, చిత్తూరు వైపు అవ్వ అంటే అమ్మమ్మ, నానమ్మ. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అవ్వ అంటే కన్నతల్లి. కొన్నిచోట్ల ఏ ముసలమ్మనైనా అవ్వ అంటారు. ఇందులో తప్పు ఏది? ఏదీ కాదు. ఒకే జవాబు ఒప్పు అన్న ఆ నియమమే తప్పు. ఆసుపత్రుల్లో రాత్రి భత్యం వంటిదే ఇదీ. మేము కూర్చుని తేల్చుకొన్నదేమంటే, కొత్త ప్రోగ్రాము ఇంటి మాటను ముందు ఒప్పుకోవాలి, తరువాత ఫలానా సీమలో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా వుంటుంది అని చూపాలి. ఇద్దరి కోరికా నెరవేరుతుంది.

నాలుగవది, తేల్చుకొన్నదాన్ని పరీక్షించగలిగేటట్టు వ్రాయాలి. “పిల్లలకు సులువుగా వుండాలి” అని వ్రాస్తే ఎవరూ కాదనరు, ఎవరికీ ఉపయోగమూ లేదు. “ఏడేళ్ళ పిల్ల పెద్దల సాయం లేకుండా తన తాత గొంతు రికార్డు చేసి, మళ్ళీ విని, జవాబుగా ఒక వాక్యం చెప్పగలగాలి” అని వ్రాస్తే, అయిందో లేదో ఒక పిల్లను కూర్చోబెట్టి చూడవచ్చు. ఆపైన, ఒక్క అక్షరం ప్రోగ్రాము వ్రాయకముందే తెర ఎలా వుంటుందో కాగితం మీద గీసి చూపించాలి. మా పిల్లలు అట్టముక్కల మీద బొమ్మలు గీసి, వేలితో నొక్కి, “ఇది నొక్కితే ఏమవుతుంది?” అని అడిగారు. ఆ ఒక్క సాయంకాలంలో పదకొండు పొరపాట్లు బయటపడ్డాయి. ఖర్చు, అట్టముక్కలూ పకోడీలూ.

చెప్పకుండా వుండిపోయే అవసరాలు కూడా ఇటువంటి చోటే బయటికి వస్తాయి. ఒక అవ్వ మా కోసం జోలపాట పాడి, రికార్డు చేసుకోమన్నారు. మేము సంతోషపడి లేవబోతుంటే, మెల్లగా “ఇది ఇంట్లోవాళ్ళకే అమ్మా, బయట వినిపించకండి” అన్నారు. ఆమె అనకపోతే మేము అందరికీ పంచేవాళ్ళం. 2018 మే నుంచి ఐరోపా సమాఖ్య అంతటా అమలులో వున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఎలాగూ మనల్ని కట్టడి చేస్తుంది. కాని ఆ అవ్వ మాట చట్టం కన్నా ముందు వినవలసినది.

పేర్ల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. కొత్త ప్రోగ్రాములో కుటుంబాల పట్టిక కూడా వుంటుంది. ఐరిష్ భాషలో అచ్చుల మీద ఫాడా అనే చిన్న గీత వుంటుంది. షాన్ అన్న పేరు మీద ఆ గీత తీసివేస్తే మిగిలే మాటకు ముసలి అని అర్థం. ఎన్నో కంప్యూటర్లు ఏళ్ళ తరబడి ఆ గీతను పట్టించుకోలేదు. ఎందుకంటే వాటిని చేయించినవారు ఆ గీత అవసరమని వ్రాయలేదు. 2021లో వచ్చిన అధికార భాషల సవరణ చట్టం, ప్రభుత్వ సంస్థలు ఐరిష్ పేర్లను ఐరిష్ పేర్లుగానే వాడే బాధ్యతను పెట్టింది. తమ దేశంలో తమ పేరు సరిగా వ్రాయించుకోవడానికి వారికి ఒక చట్టం కావలసివచ్చింది.

మన పేర్లకూ ఒక కథ వున్నది. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నేటాలుకు మొదటి కూలీలను తీసుకువెళ్ళింది. 1911 వరకు ఒకటిన్నర లక్షకు పైగా మనుషులు అలా వెళ్ళారు. చివరి సంవత్సరాల్లో వెళ్ళినవారు మా తాత. ఆయన పేరున్న జాబితా పుటను మేము చూశాము. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. మోకాలి క్రింద మచ్చ వున్నదని కూడా వ్రాశారు. ఏ భాష మాట్లాడతాడో వ్రాయడానికి గడి లేదు. పాట వచ్చా, చదువు వచ్చా అని అడగలేదు. గుమాస్తాను నిందించి లాభం లేదు. ఆయన ముందున్న కాగితంలో తోట యజమానికి కావలసిన గడులే వున్నాయి. మన వంశం గురించి ఎవరైనా అవసరాలు సేకరించడం అదే మొదటిసారి. అడిగినవారి అవసరాలు సేకరించారు, మావి కాదు.

అందుకే మా మనవి. వచ్చే నెల మన యువకులు ఇద్దరిద్దరుగా మీ ఇళ్ళకు వస్తారు. అరగంట వారికి కేటాయించండి. ఏమి కావాలో చెప్పాలని ఆలోచించి పెట్టుకోకండి. మీ ఇంట్లో తెలుగు ఎప్పుడు వినిపిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూపించండి. పెద్దవాళ్ళను గదిలోంచి పిలవండి. పిల్లలను మాట్లాడనివ్వండి, మధ్యలో దిద్దకండి. యువకులారా, మీరు రాసుకొన్నది వారికే చదివి వినిపించి, ఔనన్నాక లేవండి. ఆరు నెలల తరువాత మళ్ళీ వెళ్ళండి. పిల్లలు పెరుగుతారు, అవసరాలు మారుతాయి.

పట్టికలో ఏ గడులు వుండాలో ఈనాడు మధ్యాహ్నం కార్యవర్గం చర్చించబోతున్నది. ఇంట్లో అవ్వను, తాతను ఏమని పిలుస్తారు అన్న గడి ఒకటి పెట్టాలని మేము ప్రతిపాదిస్తున్నాము.

మా మనుమరాలు ఇప్పుడు రెండు పేర్లతోనూ పిలుస్తున్నది. బడి స్నేహితులు ఇంటికి వస్తే అమ్మమ్మ, జ్వరం వస్తే అవ్వ. మాకు ప్రస్తుతానికి అది చాలు.